రాత్రి డ్యూటీలో నర్సు నిర్ణయం: అనుభవాన్నీ స్కోరునూ కలిపి వాడే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రుల్లోనైనా, దేవరకొండ, అచ్చంపేట లాంటి పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనైనా రాత్రి పదకొండు దాటాక రోగి పక్కన ఉండేది నర్సే. డ్యూటీ డాక్టరు కాజువాలిటీలో మరో కేసు చూస్తుంటారు, లేదా థియేటర్‌లో ఉంటారు. ఆయనను ఇప్పుడే పిలవాలా, అరగంట ఆగి మళ్లీ చూడాలా, ఐసీయూకు కబురు పెట్టాలా అన్నది ముందుగా తేల్చుకోవాల్సింది నర్సు.

దీని మీద వార్డుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఇరవై ఏళ్ల సర్వీసున్న సిస్టర్లు "మనిషిని చూడగానే తెలిసిపోతుంది" అంటారు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి కొత్తగా వచ్చినవాళ్లు చార్టు నింపి, నాడి, బీపీ లాంటి కొలతలకు మార్కులు వేసి కూడి, ఆ స్కోరు చెప్పినట్టు నడుచుకోవాలంటారు. రెండిటిలోనూ నిజముంది, రెండిటిలోనూ ప్రమాదముంది. వార్డులో నేను పాటించే, జూనియర్లకు చెప్పే నియమం ఒకటే. అనుమానం లేవనెత్తడానికి మీ అనుభవం ఒక్కటే చాలు. అనుమానం తీసేయడానికి మాత్రం అది ఒక్కటే చాలదు, కొలత కూడా కావాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ నియమాన్ని వార్డులో అమలు చేయడానికే. ఇవి పెద్దల వార్డులకు ఉద్దేశించినవి. మందులు, మోతాదుల విషయంలో మీ ఆసుపత్రి ప్రొటోకాల్, డాక్టరు ఆర్డరే ప్రమాణం.

మొదటి అడుగు: మీ అనుభవం ఎక్కడ పనికొస్తుందో తేల్చుకోండి

ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో నర్సుల నైపుణ్యాన్ని అయిదు దశలుగా వివరించారు. కొత్తగా చేరినవాళ్లు నియమాన్ని పట్టుకుని నడుస్తారు. చివరి దశకు చేరినవాళ్లు పరిస్థితిని మొత్తంగా ఒక్క చూపులో పట్టుకుంటారు. ఇందులో చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ దశ మనిషితోపాటు ప్రతి వార్డుకూ వెంట రాదు. ప్రసూతి వార్డులో పదిహేనేళ్లు చేసిన సిస్టర్‌ను రేపు డయాలసిస్ యూనిట్‌కు మారిస్తే, అక్కడ ఆమె మళ్లీ నియమాలు చూసుకుంటూ నడవాల్సిన మనిషే. అందులో చిన్నతనమేమీ లేదు.

డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలకు నిపుణుల అంతర్బుద్ధి మీద మొదట్లో పూర్తి భిన్నమైన అభిప్రాయాలుండేవి. 2009లో ఇద్దరూ కలిసి రాసి ఒక అంగీకారానికి వచ్చారు. అంతర్బుద్ధిని నమ్మాలంటే రెండు షరతులు ఉండాలి. ఒకటి, ఆ రంగంలో సంకేతానికీ ఫలితానికీ నిలకడైన సంబంధం ఉండాలి. రెండు, మన అంచనా నిజమైందో కాదో మనకు తిరిగి తెలుస్తూ ఉండాలి.

ఈ రెండో షరతు మన జిల్లాలకు ఎలా వర్తిస్తుందో చూడండి. పురుగుల మందు తాగి వచ్చినవాళ్లు చాలామంది మన వార్డులోనే రోజుల తరబడి ఉంటారు. మొదటి గంట నుంచి డిశ్చార్జి దాకా వాళ్లను మనమే చూస్తాం. అక్కడ మన అనుభవం గట్టిది. అదే తలకు దెబ్బ తగిలిన రోగిని 108లో హైదరాబాద్ పంపించాక, అతను గాంధీలోనో ఉస్మానియాలోనో ఏమయ్యాడో మనకు కబురు రాదు. అలాంటి కేసులు పదేళ్లు చూసినా, అవి నేర్పిన పాఠం మన దగ్గరికి చేరదు. ధైర్యం పెరుగుతుందే తప్ప అంచనా మెరుగుపడదు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు రాయండి. ఫలితం దాకా చూసిన కేసుల రకాలు ఒకవైపు, మధ్యలో చేయి దాటిపోయిన కేసుల రకాలు ఇంకోవైపు. రెండో వరుసలోని కేసు వచ్చినప్పుడు, ఎంత సీనియరైనా సరే, చార్టునే ఎక్కువగా ఆధారం చేసుకోవాలి.

రెండో అడుగు: అనుమానాన్ని మాటల్లో పెట్టండి

"ఏదో తేడాగా ఉంది" అన్న మాటకు ఫోన్లో విలువ ఉండదు. ఆ తేడా ఎక్కడుందో విడదీయాలి. నెదర్లాండ్స్‌లో గూస్కే డౌ బృందం నర్సుల ఆందోళన వెనక ఉండే సంకేతాలను తొమ్మిది రకాలుగా వర్గీకరించింది. శ్వాసలో మార్పు, రక్తప్రసరణలో మార్పు, వణుకు, తెలివిలో మార్పు, అస్థిమితం, కొత్త నొప్పి లేదా పెరిగిన నొప్పి, అనుకున్నట్టు కోలుకోకపోవడం, తనకు బాగాలేదని రోగే చెప్పడం, ఇవేవీ కాకుండా నర్సు కంటికి కనిపించిన మరేదైనా. నేను జూనియర్లను ఈ తొమ్మిదీ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతాను. ముఖం కళ తప్పిందా? నుదుట చెమట పట్టిందా? కాళ్లు చల్లబడ్డాయా? పొద్దున కూర్చుని టీ తాగిన మనిషి ఇప్పుడు తల ఎత్తడానికి కూడా బద్ధకిస్తున్నాడా? రెండుమూడు ప్రశ్నల్లోనే ఆ తేడా ఏమిటో బయటపడుతుంది.

అటెండెంట్ మాటను కూడా ఈ లెక్కలోకే తీసుకోండి. "మా ఆయన ఇట్లా ఉండడమ్మా" అని భార్య అందంటే, ఆయన మామూలుగా ఎలా ఉంటాడో వార్డులో అందరికన్నా బాగా తెలిసిన మనిషి చెబుతున్నట్టు. "పాణం ఎట్లనో ఉంది" అని రోగి అన్నప్పుడు ఆ మాటను అలాగే, టైముతో సహా కేస్ షీటులో రాయండి.

ఈ సంకేతాలు పుస్తకాల్లో లేనంత మాత్రాన తీసిపారేయకూడదు. నవజాత శిశువుల ఐసీయూ నర్సులు ఇన్ఫెక్షన్‌ను ఎలా పసిగడతారో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఆ నర్సులనే కూర్చోబెట్టి వివరంగా అడిగి, 1993లో ప్రచురించారు. వాళ్లు చెప్పిన సంకేతాల్లో కొన్ని అప్పటి వైద్య గ్రంథాల్లో లేనే లేవు. నర్సులు కూడా అంతకుముందు వాటిని ఎవరికీ విడమర్చి చెప్పలేదు. మన వార్డుల్లోనూ అలాంటి జ్ఞానం సీనియర్ల దగ్గర చాలా ఉంది, రిటైర్మెంటుతో వెళ్లిపోతోంది.

మూడో అడుగు: కొలవండి, నిజంగా కొలవండి

అనుమానం వచ్చిన వెంటనే పూర్తి కొలతలు తీసుకోవాలి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్-2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) ఇందుకు బాగా పనికొస్తుంది. శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం, రోగి ఆక్సిజన్ మీద ఉన్నాడా లేదా, పై బీపీ, నాడి, తెలివి, ఉష్ణోగ్రత అనే ఏడు అంశాలకు మార్కులు వేసి కూడతారు. మొత్తం 5 లేదా 6 వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, కొలతలు కనీసం గంటకోసారి తీయాలి. 7 దాటినా, సరిగ్గా 7 వచ్చినా అత్యవసరం. మొత్తం తక్కువగా ఉన్నా, ఏ ఒక్క అంశానికైనా 3 వస్తే డాక్టరుకు చెప్పాల్సిందే. మీ ఆసుపత్రిలో వేరే చార్టు ఉంటే అదే వాడండి. ఏదో ఒకటి అందరూ ఒకేలా వాడటం ముఖ్యం.

అన్నిటిలోకీ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస రేటు. వార్డంతా ఒకే అంకె, 18 లేదా 20, రాసి ఉన్న చార్టులు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అది కొలత కాదు, అలవాటు. ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చేద్దాం. మూడు రోజుల జ్వరంతో అరవై ఏళ్ల రైతు చేరాడనుకోండి. ఆక్సిజన్ పెట్టకుండా 95 శాతం, దానికి 1. పై బీపీ 108, దానికి 1. నాడి 104, దానికి 1. ఉష్ణోగ్రత 38.2 డిగ్రీల సెల్సియస్, దానికి 1. తెలివిగా ఉన్నాడు, దానికి సున్నా. శ్వాస 18 అని అలవాటుగా రాస్తే దానికీ సున్నా, మొత్తం 4. నాలుగు గంటల తర్వాత చూడవచ్చన్నమాట. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, అతనికి తెలియకుండా ఛాతీ కదలికను నిండా 60 సెకన్లు లెక్కపెడితే 22 వచ్చింది. దానికి 2. మొత్తం 6. ఇప్పుడు డాక్టరును లేపాలి. రోగి అదే రోగి, కొలిచిన తీరే మారింది.

పల్స్ ఆక్సీమీటర్ విషయంలో చల్లబడ్డ వేళ్లు, నెయిల్ పాలిష్, వణుకుతున్న చేయి తప్పుడు అంకె చూపిస్తాయి. తెర మీది నాడి, మీరు చేత్తో చూసిన నాడి కలిశాకే ఆ శాతాన్ని నమ్మండి.

స్కోరుకు హద్దులున్నాయి. న్యూస్-2 గర్భిణులకు, పదహారేళ్లలోపు పిల్లలకు వర్తించదు. ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఆక్సిజన్ లక్ష్యమే వేరుగా, 88 నుంచి 92 శాతంగా ఉంటుంది. అది డాక్టరు నిర్ణయించి రాయాలి. నల్లగొండ జిల్లాలో ఇంకో సంగతి. ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకుపోయి, వంగిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ వార్డులకు వస్తుంటారు. పక్కటెముకలు సరిగా కదలక, వాళ్ల ఊపిరి మామూలు రోజుల్లోనే పైపైన ఆడుతుంటుంది. మెడ బిగుసుకుని ఉండటం వాళ్లకు కొత్త కాకపోవచ్చు, అలాగని ప్రతిసారీ పాతదే అనుకోవడానికీ లేదు. అందుకే చేరిన రోజునే "మామూలుగా ఎంత నడుస్తారు, మెడ ఎంత తిరుగుతుంది, ఎన్ని మెట్లకు ఆయాసం వస్తుంది" అని ఇంటివాళ్లను అడిగి కేస్ షీటు మొదటి పేజీలో రాసి పెట్టాలి. తర్వాత వచ్చే ప్రతి మార్పునూ దానితోనే పోల్చాలి.

ప్రసూతి వార్డులో కంటి అంచనా మరీ ప్రమాదం. కాన్పు తర్వాత పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే, సీనియర్లు కూడా ఉన్నదానికంటే తక్కువే చెబుతారు. 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనంలో గీతలున్న ప్లాస్టిక్ సంచితో రక్తాన్ని కొలిచి, చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టినప్పుడు తీవ్ర రక్తస్రావ ఫలితాలు సగానికిపైగా తగ్గాయి. ఇక్కడ మాత్రం అనుభవం కొలతకు పూర్తిగా దారి ఇవ్వాలి.

నాలుగో అడుగు: రెండూ కలవనప్పుడు

స్కోరు, మనసు ఒకే మాట చెబితే చిక్కు లేదు. కలవనప్పుడే పరీక్ష.

స్కోరు తక్కువ, అనుమానం ఎక్కువ. వానాకాలం తెల్లవారుజామున, నేల మీద పడుకున్న కూలీ కడుపునొప్పితో వస్తాడు. కాటు గుర్తు కనబడదు. వాపు లేదు. బీపీ, నాడి, శ్వాస అన్నీ మామూలే, స్కోరు సున్నా. కట్లపాము కాటు చూసిన సిస్టర్ మాత్రం అతని కనురెప్పలు చూస్తుంది. "పైకి చూడు నాయనా" అంటుంది. రెప్పలు పూర్తిగా లేవడం లేదు. ఉమ్మి మింగమంటుంది. ఒకే ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడో చూసి రాసుకుంటుంది, పావుగంట తర్వాత మళ్లీ లెక్కపెట్టిస్తుంది. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు, ఆ తర్వాత ఊపిరి. కనురెప్ప న్యూస్ చార్టులో లేదు. ఇలాంటప్పుడు స్కోరు సున్నా ఉన్నా డాక్టరును పిలవాలి, ఊపిరి అందించే సామగ్రి పక్కనే సిద్ధంగా ఉండాలి.

గడ్డి మందు కూడా అంతే. పారాక్వాట్ తాగిన మనిషి మొదటి రోజు మామూలుగానే మాట్లాడతాడు, నోట్లో మంట తప్ప ఏమీ లేదంటాడు. కిడ్నీలు, ఊపిరితిత్తులు తర్వాతి రోజుల్లో దెబ్బతింటాయి. కాబట్టి ఏ మందు తాగాడన్నది అంకెలకంటే ముందు తెలియాలి. డబ్బా ఇంటి నుంచి తెప్పించండి, కనీసం ఫోనులో ఫొటో తీసి పంపమనండి. ఈ కేసుల్లో అలవాటుగా ఆక్సిజన్ పెట్టేయడం హాని చేయవచ్చు, డాక్టరును అడిగే పెట్టాలి.

స్కోరు ఎక్కువ, మనసు నిమ్మళం. అనుభవజ్ఞులు దెబ్బతినేది ఇక్కడే. పాలమూరు వైపు కల్తీ కల్లుకు అలవాటుపడి, అది దొరకని రోజున వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలతో వచ్చేవాళ్లను చూడని నర్సు ఉండదు. అందుకే అలాంటి మనిషి రాగానే "కల్లు కేసే" అన్న మాట నోటికి వచ్చేస్తుంది. ఆ ఒక్క మాటతో తలుపులన్నీ మూసుకుపోతాయి. షుగర్ పడిపోయినా, తలలో రక్తం గడ్డకట్టినా, మెదడువాపు వచ్చినా మనిషి అలాగే ప్రవర్తిస్తాడు. కాబట్టి తెలివిలో ఏ మార్పు ఉన్నా, కారణం మీకు తెలిసినట్టే అనిపించినా, మూడు పనులు తప్పనిసరి: గ్లూకోమీటర్‌తో షుగర్ చూడటం, తెలివి ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు 15కు ఎంతో రాయడం, తల వెనక చేయి పెట్టి దెబ్బ ఉందేమో తడిమి చూడటం. ఆ తర్వాత కూడా స్కోరును మీ నమ్మకంతో తగ్గించకండి. డాక్టరుకు స్కోరు చెప్పండి, మీ అభిప్రాయం విడిగా చెప్పండి.

పురుగుల మందు వార్డులో రెండూ కలిసి నడవాలి

పత్తి చేలున్న ప్రాంతం కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన రోగికి విరుగుడుగా ఎట్రోపిన్ నడుస్తున్నప్పుడు చాలామంది నాడి ఒక్కటే చూస్తారు, లేదా కంటిపాప ఒక్కటే చూస్తారు. చూడాల్సినవి అయిదు: ఊపిరితిత్తుల్లో గరగర పోయిందా, నాడి 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంకలు పొడిబారాయా, కంటిపాపలు సూదిమొనంత చిన్నగా ఉండటం మానాయా. వీటిలో ఊపిరితిత్తులదే పెద్దపీట. ఊపిరి అందకపోయినా, భయపడినా నాడి వేగంగా కొట్టుకుంటుంది. కాబట్టి "నాడి 120 ఉంది, ఎట్రోపిన్ సరిపోయింది" అనుకోకుండా స్టెత్ పెట్టి వినాలి. ఎట్రోపిన్ ఎక్కువైతే మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, లేచిపోబోతాడు, ఒళ్లు కాలుతుంది, కడుపు మీద స్టెత్ పెడితే పేగుల శబ్దం వినబడదు, మూత్రం బిగుస్తుంది. అస్థిమితంగా ఉన్నాడని మంచానికి కట్టేసే ముందు ఇవన్నీ చూసి డాక్టరుకు చెప్పాలి.

ఒకటి రెండు రోజులు గడిచి, కుటుంబం ఊపిరి పీల్చుకున్నాక ఇంకో గండం ఉంటుంది. తాగిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య కొందరికి మెడ, భుజాలు, ఊపిరి కండరాలు బలహీనపడతాయి. దీన్ని ముందుగా పట్టే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ప్రతి షిఫ్టులో రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, "తల దిండు మీది నుంచి ఎత్తి పట్టుకో" అనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే, ఆక్సిజన్ శాతం 98 ఉన్నా సరే, ఐసీయూకు చెప్పాల్సిన సమయం వచ్చేసింది. సీనియర్ల కంటికి తెలిసిన ఈ సంకేతాన్ని చార్టులో ఒక గడిగా చేర్చండి. కొత్త నర్సు కూడా తప్పకుండా చూస్తుంది.

అయిదో అడుగు: ఫోన్లో చెప్పే తీరు

ఎస్‌బార్ అనే పద్ధతి అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఇప్పుడేమవుతోంది, నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీ నుంచి ఏం కావాలి, ఈ వరుసలో చెప్పాలి. కొలతలు చేతిలో పెట్టుకునే ఫోన్ చేయండి.

"మేడం, మేల్ మెడికల్ వార్డు నుంచి డ్యూటీ నర్సును. పద్నాలుగో బెడ్ రోగి న్యూస్ స్కోరు 6, సాయంత్రం 2 ఉండేది. మూడు రోజుల జ్వరం, మధ్యాహ్నం చేరారు, యాంటీబయాటిక్ మొదటి డోసు అయింది. శ్వాస 22, బీపీ 108, కాళ్లు చల్లబడ్డాయి, సాయంత్రం నుంచి మూత్రం తక్కువగా వచ్చింది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోందేమోనని నా అనుమానం. మీరు పదిహేను నిమిషాల్లో వచ్చి చూడాలి. ఈలోగా ఏం మొదలుపెట్టమంటారు?"

చివరి రెండు వాక్యాలే చాలామంది నర్సులు మింగేస్తారు. పెద్దవాళ్లకు పని చెప్పినట్టు ఉంటుందని మొహమాటం. ఆ మొహమాటం రోగికి చేటు. ఆర్డరు ఇస్తే తిరిగి చదివి వినిపించి, టైముతో రాయండి. అనుకున్న సమయానికి డాక్టరు రాకపోతే మళ్లీ చేయండి, తర్వాత పై స్థాయి డాక్టరుకు చేయండి. ఎవరికి, ఏ వరుసలో చేయాలో నంబర్లతో సహా నర్సింగ్ స్టేషన్ గోడ మీద అంటించి ఉండాలి.

రోగులు ఎక్కువ, చేతులు తక్కువ

ఇద్దరు నర్సులు వార్డు నిండా రోగులను చూసే రాత్రి అందరికీ గంటగంటకూ ఏడు కొలతలూ కుదరవు, నాకు తెలుసు. అలాంటి రాత్రి షిఫ్టు మొదట్లోనే చార్టు లేకుండా ఒక్క చుట్టు తిరగండి. ప్రతి బెడ్ దగ్గరా ఆగి పేరు పెట్టి పలకరించి, జవాబు ఎలా వస్తుందో, ఊపిరి ఎలా ఆడుతుందో చూడండి. అక్కడ మీ అనుభవమే పని చేస్తుంది. అనుమానం కలిగినవాళ్లకు, ఆ రోజే ఆపరేషన్ అయినవాళ్లకు, ఐసీయూ నుంచి వచ్చినవాళ్లకు పూర్తి స్కోరు వేయండి. మిగతావాళ్లకు చార్టు ప్రకారం నడవండి. కొత్త నర్సును వెంట తీసుకెళ్లి, మీరు చెప్పకముందే "ఎవరి మీద అనుమానం? ఏం చూసి?" అని అడగండి. తర్వాత మీది చెప్పండి.

ఆరో అడుగు: ఫలితం వెంటపడండి

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోగి పేరు, ఐపీ నంబరు రాయొద్దు. తేదీ, కేసు రకం, నేనేం అనుమానించాను, పదికి ఎంత నమ్మకంగా ఉన్నాను, స్కోరు ఎంత, చివరకు ఏమైంది. అంతే. చివరి గడి ఖాళీగా ఉంచి, ఫలితం తెలిశాకే నింపండి. నెలకోసారి తిరగేస్తే, ఏ రకం కేసుల్లో మీ పదికి తొమ్మిది నిజంగా తొమ్మిదో, ఎక్కడ అది పదికి అయిదేనో కనబడుతుంది. అనవసరంగా డాక్టరును పిలిచిన సందర్భాలూ రాయండి. అవి కొన్ని ఉండటం మామూలే. అసలే లేకపోతే మీరు ఆలస్యంగా పిలుస్తున్నారేమో చూసుకోవాలి.

రిఫర్ చేసిన కేసుల గడి దానంతటది నిండదు. అంబులెన్సు కదలకముందే, అడిగి ఒప్పుకున్న కుటుంబసభ్యుడి నంబరు వార్డు రిజిస్టర్‌లో రాసుకోండి. మూడో రోజున, భోజనాల వేళ దాటాక, హెడ్ నర్సు ఒక ఫోన్ చేసి రోగి ఎలా ఉన్నాడో, అక్కడి డాక్టర్లు జబ్బు ఏమని తేల్చారో కనుక్కుని, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సులకు చెప్పాలి.